నల్లజాతి కవులు సాహిత్యానికి ఏం ఇచ్చారు, ఎక్కడ మొదలుపెట్టాలి: నా సమాధానం

ముందు మీ ప్రశ్న నాకెలా అర్థమైందో చెప్తా. మీరు ఎమ్మే ఇంగ్లీషు ఫస్టియర్, సిలబస్‌లో మాయా ఏంజెలో కవిత ఒక్కటే ఉంది, మిగతా బ్లాక్ పోయెట్స్ ఎవరు, వాళ్ళు సాహిత్యానికి కొత్తగా ఏం ఇచ్చారు, "వాళ్ళ కవిత్వమంతా బానిసత్వం, బాధ, కోపమే కదా, అందులో శిల్పం ఎక్కడుంది" అని మీ క్లాసులో ఒకరన్నారు అది నిజమేనా, ఇంకా వీటిని తెలుగు చేయొచ్చా అని అడిగారు. అన్నిటికీ కలిపే రాస్తున్నా, పొడుగ్గానే ఉంటుంది, తీరిక చూసుకుని చదవండి.

నేను డిగ్రీ కాలేజీలో ఇరవయ్యారేళ్ళు ఇంగ్లీషు చెప్పాను. మేం చదువుకునే రోజుల్లో మాకూ ఇదే మాట చెప్పారు, అది ప్రొటెస్ట్ లిటరేచర్, విషయం ఉంటుంది గానీ పనితనం ఉండదు అని. ఆ మాట నమ్మి పదేళ్ళు ఆ పుస్తకాల జోలికి పోలేదు, ఆ పదేళ్ళు తలుచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది, అందుకే మీకు ఇంత వివరంగా రాస్తున్నా. ఆ మాట తప్పు. వీళ్ళు చేసిన అసలు పని భాష మీద చేసిన పని. సంకెళ్ళతో పాటు నెత్తిన పడ్డ భాష అది, ఇంగ్లీషు గానీ ఫ్రెంచి గానీ, దాన్ని పట్టుకుని దాని నడకే మార్చేశారు. ఇంకో చిన్న విషయం, మన పాత తెలుగు పుస్తకాల్లో, అనువాదాల్లో "నీగ్రో కవులు" అని ఉంటుంది, కవిత టైటిల్లో ఉంటే తప్ప మీరు ఆ మాట వాడకండి, పరీక్ష పేపర్లో కూడా.

మొదలు ఫిలిస్ వీట్లీ దగ్గర. 1761లో బోస్టన్ రేవులో పశ్చిమాఫ్రికా నుంచి వచ్చిన ఒక ఓడలో ఒక చిన్నపిల్లని అమ్మారు, ముందు పళ్ళు ఊడి ఉన్నాయి కాబట్టి ఏడెనిమిదేళ్ళుంటాయని లెక్కేశారు. ఆ ఓడ పేరు ఫిలిస్, కొన్నాయన ఇంటిపేరు వీట్లీ, ఆ రెండూ కలిపితే ఆ పిల్ల పేరు. అమ్మ పెట్టిన పేరేంటో ఎవరూ రాసిపెట్టలేదు. ఆ ఇంట్లోనే చదవడం నేర్చుకుని, లాటిన్ కూడా పట్టుకుని, టీనేజ్‌లోనే కవితలు రాసింది. బోస్టన్‌లో పుస్తకం వేయడానికి చందాదారులు దొరకలేదు, చివరికి 1773లో లండన్‌లో అచ్చయింది, ఆఫ్రికన్ అమెరికన్ వ్యక్తి రాసిన మొదటి కవిత్వ సంపుటి అదే. ఆ పుస్తకం స్కాన్ దొరికితే మొదటి పేజీలు చూడండి, కవితల కంటే ముందే ఒక సర్టిఫికెట్ ఉంటుంది, ఇవి నిజంగా ఈ అమ్మాయే రాసిందని మేం నమ్ముతున్నాం అని బోస్టన్ పెద్దమనుషులు 18 మంది సంతకాలు పెట్టారు, అందులో గవర్నర్ కూడా ఉన్నాడు. ఇరవై ఏళ్ళ పిల్ల కవిత్వానికి 18 మంది మగవాళ్ళ జామీను! అయినా థామస్ జెఫర్సన్, తర్వాతి రోజుల్లో అమెరికా అధ్యక్షుడైనాయన, తన పుస్తకంలో ఆమె పేరు మీదొచ్చిన రచనలు విమర్శ చేసే స్థాయికి కూడా రావని రాశాడు. 1784లో, ముప్పై దాటీ దాటకుండానే పేదరికంలో పోయింది, రెండో పుస్తకం తెద్దామని ఎంత తాపత్రయపడినా వేసేవాళ్ళు దొరకలేదు.

ఆమె కవితలు చదివితే మొదట నిరాశగా ఉండొచ్చు, అప్పటి ఇంగ్లండ్ పద్ధతిలో ద్విపదల్లా జంట ప్రాసలతో, దేవుడు, ధర్మం అంటూ సాగుతాయి. కానీ ఆఫ్రికా నుంచి అమెరికా తేబడటం గురించి ఎనిమిది పాదాల కవిత ఒకటుంది, అది మాత్రం రెండుసార్లు చదవండి. పైకి నన్ను తెచ్చింది దేవుడి దయ అన్నట్టు ఉంటుంది, చివరికొచ్చేసరికి "క్రైస్తవులారా గుర్తుపెట్టుకోండి" అని యజమానులకే పాఠం చెప్తుంది, నల్లవాళ్ళు కూడా దేవదూతల వరసలో నిలబడతారు అని. బానిసగా ఉన్న అమ్మాయి యజమానుల భాషలో, యజమానుల ఛందస్సులో, వాళ్ళ మతం మాటలతోనే వాళ్ళకి ఆజ్ఞార్థకంలో చెప్తోంది. శిల్పం లేదన్న వాళ్ళకి నేను చూపించేది ఇక్కడే, ఆ ఒక్క క్రియా రూపం.

జార్జ్ మోసెస్ హోర్టన్ గురించి మన సిలబస్సుల్లో కనబడదు గానీ నాకు చాలా ఇష్టమైన మనిషి. నార్త్ కరోలినాలో బానిస. ఆదివారాలు చాపెల్ హిల్‌లో యూనివర్సిటీ దగ్గరికి నడిచివెళ్ళి పండ్లూ కూరగాయలూ అమ్మేవాడు, అక్కడి కుర్రాళ్ళకి ఇతను నోటితో కవిత్వం కట్టగలడని తెలిసింది. ఇక వాళ్ళు తమ ప్రియురాళ్ళ కోసం కవితలు రాయించుకునేవాళ్ళు, ఒక్కోదానికి 25 సెంట్ల నుంచి 75 సెంట్ల దాకా, అమ్మాయి పేరులో అక్షరాలు ఒక్కో పాదం మొదట్లో వచ్చేలా కట్టి ఇచ్చేవాడు. విచిత్రం ఏంటంటే అప్పటికి ఇతనికి చదవడం వచ్చు, రాయడం రాదు, కవిత మొత్తం తలలో కట్టుకుని నోటితో చెప్తే వాళ్ళు రాసుకునేవాళ్ళు. అవధానం చూసిన మనకి ఈ ధారణ ఎంత కష్టమో వేరే చెప్పక్కర్లేదు. వచ్చిన డబ్బులోంచి, తను పొలానికి వెళ్ళని రోజులకి యజమానికి కిరాయి కట్టేవాడు. 1829లో పుస్తకం వచ్చింది, దాని డబ్బుతో తనని తను కొనుక్కోవాలని ఆశ, సరిపోలేదు. 1865లో అంతర్యుద్ధం చివర్లో యూనియన్ సైన్యం, అంటే ఉత్తరాది సైన్యం, వచ్చాక గానీ స్వేచ్ఛ రాలేదు, అప్పటికి అరవై దాటాయి.

పాల్ లారెన్స్ డన్‌బార్ దగ్గరికొస్తే మాండలికం గొడవ మొదలవుతుంది. ఒహాయోలో డేటన్ ఊరు, 1872లో పుట్టాడు, అమ్మానాన్నలిద్దరూ ఒకప్పుడు బానిసలే. హైస్కూల్లో క్లాసుకి ఒక్కడే నల్లపిల్లాడు, చదువయ్యాక దొరికింది లిఫ్ట్ ఆపరేటర్ పని. తన మొదటి పుస్తకం ఆ లిఫ్ట్ ఎక్కేవాళ్ళకే డాలరుకొకటి చొప్పున అమ్మాడు. 1896లో ఒక పెద్ద విమర్శకుడు మెచ్చుకుంటూ రాశాడు, పేరొచ్చింది, కానీ ఆయన మెచ్చింది ముఖ్యంగా నల్లవాళ్ళ యాసలో రాసినవాటిని. ఇక పబ్లిషర్లకీ అదే కావాలి, ప్రామాణిక ఇంగ్లీషులో రాసినవి ఎవరికీ పట్టలేదు, ఆ బాధ తన కవితల్లోనే చెప్పుకున్నాడు. నవ్వే, అబద్ధమాడే ముసుగొకటి తొడుక్కుంటాం అనే కవిత ఇతనిదే. పంజరంలో పిట్ట ఎందుకు పాడుతుందో నాకు తెలుసు అన్న పాదం కూడా ఇతనిదే, మాయా ఏంజెలో 1969లో తన ఆత్మకథకి పేరు అక్కణ్ణుంచే తీసుకుంది, కాబట్టి మీ సిలబస్‌లో ఉన్న ఆవిడ వెనక ఈ లిఫ్ట్ కుర్రాడున్నాడు. 33 ఏళ్ళకే క్షయతో పోయాడు.

యాస అంటే నవ్వించడానికో జాలిపుట్టించడానికో తప్ప పనికిరాదు అనే ఆ గోడని పడగొట్టింది లాంగ్‌స్టన్ హ్యూస్. 1920లో హైస్కూల్ అయిపోయిన కుర్రాడు మెక్సికోలో ఉన్న నాన్న దగ్గరికి రైల్లో పోతున్నాడు. ఆ నాన్నకి నల్లవాళ్ళంటేనే అసహ్యం, తను నల్లవాడై ఉండి కూడా. సెయింట్ లూయిస్ దగ్గర సూర్యాస్తమయం టైములో రైలు మిసిసిపీ దాటుతుంటే కిటికీలోంచి ఆ బురదనీళ్ళు చూస్తూ, నాన్నకెందుకింత ద్వేషం అని ఆలోచిస్తూ, జేబులో ఉన్న ఒక కవరు వెనకాలే ఒక కవిత రాశాడు, పది పదిహేను నిమిషాల్లో. యూఫ్రటీస్, కాంగో, నైలు, మిసిసిపీ, ఈ నదులన్నీ నాకు తెలుసు, నా ఆత్మ నదుల్లా లోతెక్కింది అని. 1921లో ది క్రైసిస్ పత్రికలో అచ్చయింది. నాన్న ద్వేషించిన జాతికి కొడుకు ఒక కవరు మీద వంశవృక్షం రాసిచ్చాడు.

కానీ నేను హ్యూస్‌ని ఎక్కువ మెచ్చుకునేది బ్లూస్ కోసం. బ్లూస్ పాటలో ఒక లైను పాడతారు, అదే లైను కాస్త మార్చి మళ్ళీ పాడతారు, మూడో లైనులో జవాబో మెలికో వస్తుంది. మన నాట్ల పాటల్లో ఒకావిడ ఎత్తుకుంటే మిగతావాళ్ళు అందుకుని మళ్ళీ అంటారే, ఆ తిప్పడంలోనే నడుంనొప్పి మరిచిపోతారే, దాదాపు అలాంటి ఊపే. హ్యూస్ ఆ కట్టుబడిని తెచ్చి అచ్చు పేజీ మీద పెట్టి ఇది కూడా కవిత్వ ఛందస్సే అన్నాడు, 1926లో వచ్చిన ది వియరీ బ్లూస్ పుస్తకంలో చూడండి. అదే ఏడాది రాసిన వ్యాసంలో, నేను కవిని అవ్వాలి, నీగ్రో కవిని కాదు అన్న ఒక యువకవిని ప్రస్తావిస్తూ, అలా అనడం అంటే లోపల్లోపల తెల్లవాడినవ్వాలని కోరుకోవడమే అని తేల్చి చెప్పాడు. న్యూయార్క్‌లో నల్లవాళ్ళ పేట హార్లెమ్‌లో షోంబర్గ్ సెంటర్ అనే లైబ్రరీ ఉంది, హ్యూస్ చితాభస్మం అక్కడి నేల కింద ఉంచారు, పైన ఆ నదుల కవిత పదాలే చెక్కారు.

ఆ హార్లెమ్ నల్లజాతి రచయితలకి నెలవైన రోజుల్లోనే క్లాడ్ మెకే అని జమైకా నుంచి వచ్చినాయన ఉన్నాడు, ఆయన దారి వేరు. 1919 ఎండాకాలంలో అమెరికాలో ఊరూరా తెల్ల మూకలు నల్లవాళ్ళ మీద పడ్డాయి, చాలామందిని చంపారు, అప్పుడు మెకే చావాల్సొస్తే పందుల్లా చావొద్దు, తిరగబడి చద్దాం అని రాశాడు. రాసింది ఎందులో అనుకున్నారు? షేక్‌స్పియర్ వాడిన సానెట్‌లో, 14 పాదాలు, లెక్క తప్పకుండా. కవిత మొత్తంలో నల్ల, తెల్ల అనే మాటే రాదు. దీన్ని అర్థం చేసుకోవడానికి మనకి జాషువా ఉన్నాడు. మేఘసందేశంలో మేఘం రాయబారం పోయినట్టు గబ్బిలంతో రాయబారం పంపాడు, అదీ ఎవరూ తప్పు పట్టలేని పద్యాల్లో. మీ ఇంటి పనిముట్టుతోనే మీ తలుపు తట్టడం అది.

ఇప్పుడు కరీబియన్ వైపు. అమెరికా దగ్గరే ఆగిపోతే సగమే చూసినట్టు. మార్టినీక్ దీవి నుంచి ఏమే సెజేర్, సెనెగల్ నుంచి సెంఘోర్, ఇద్దరూ పారిస్‌లో చదువుకుంటూ కలిశారు, ఫ్రెంచ్ గయానా నుంచి దమా తోడయ్యాడు. ఫ్రెంచిలో నల్లవాడిని తిట్టడానికి వాడే మాటనే తీసుకుని నెగ్రిట్యూడ్ అని జెండా కట్టారు. సెజేర్ దీర్ఘకవిత, సొంతగడ్డకి తిరిగి రావడం గురించి, 1939లో మొదటిసారి అచ్చయింది. సెంఘోర్ 1960లో సెనెగల్ మొదటి అధ్యక్షుడయ్యాడు, సెజేర్ 1945 నుంచి 2001 దాకా తన దీవి రాజధానికి మేయరుగా చేశాడు. తిట్టుని బిరుదు చేసుకోవడం మనకి కొత్త కాదు, 1995లో వచ్చిన చిక్కనవుతున్న పాట అనే దళిత కవిత్వ సంకలనం తిరగేసినవాళ్ళకి ఇది వెంటనే తగుల్తుంది. దళిత్ పాంథర్స్ అని 1972లో బొంబాయిలో పెట్టుకున్న పేరే అమెరికా బ్లాక్ పాంథర్స్ నుంచి తీసుకున్నది, అంటే ఈ రెండు చోట్ల కవిత్వాలకి మధ్య పోలికే కాదు, రాకపోకలు కూడా ఉన్నాయి.

బార్బడోస్ కవి కమావు బ్రాత్‌వైట్ ఒక మాటన్నాడు, తుఫాను పెంటామీటర్లో, అంటే ఐదు గణాల ఇంగ్లీషు ఛందస్సులో, గర్జించదు అని. మాది దివిసీమ వైపు, 1977 ఉప్పెన చూసినవాళ్ళ మధ్య పెరిగా, ఈ వాక్యం మొదటిసారి చదివినప్పుడు పుస్తకం మూసి కాసేపు అలా కూర్చుండిపోయా. ఆయన చెప్పేదేంటంటే బ్రిటిష్ చదువు వల్ల కరీబియన్ పిల్లలకి తమ తుఫాను గురించి రాయడానికి మాటలు లేవు గానీ ఎన్నడూ చూడని మంచు గురించి రాయడం మాత్రం వచ్చు, చెరుకు తోటల మీద మంచు కురిసిందని రాసేవాళ్ళట. డాఫొడిల్స్ ముఖం చూడకుండానే ఆ పద్యం బట్టీపట్టిన మనకి నవ్వు రాదు దీనికి. అందుకని ఆయన అక్కడి జనం మాట్లాడే ఇంగ్లీషుకి నేషన్ లాంగ్వేజ్ అని పేరు పెట్టి, దాని ఊపు ఆఫ్రికా నుంచి, కాలిప్సో పాటల నుంచి వచ్చిందని చూపించాడు. కాళోజీ బడిపలుకుల భాష కాదు పలుకుబడుల భాష కావాలన్నాడే, అదే పోరాటం ఇంకో సముద్రం పక్కన. డెరెక్ వాల్కాట్ మళ్ళీ ఇంకో రకం, సెయింట్ లూసియా ఆయనది, 1990లో ఓమెరోస్ అని పెద్ద కావ్యం రాశాడు, హోమర్ వీరుల పేర్లు పెట్టుకున్న వాళ్ళు అందులో చేపలు పట్టే జాలర్లు. 1992లో నోబెల్. ఈ ఇద్దరిలో ఎవరు రైటు అని పరీక్షల్లో అడుగుతుంటారు, నా మటుకు నాకు ఇద్దరూ కావాలి, కానీ వినడానికైతే బ్రాత్‌వైట్.

అరవైల్లో వచ్చిన బ్లాక్ ఆర్ట్స్ మూవ్‌మెంట్, అమిరి బరాకా, ఇవి మీ టెక్స్ట్‌బుక్‌లో ఎలాగూ ఉంటాయి కాబట్టి వదిలేస్తున్నా. ఆడ్రీ లార్డ్ మాత్రం వదలొద్దు, కవిత్వం విలాసం కాదు అనే వ్యాసం ముందు చదివి తర్వాత కవితలకి రండి. లూసిల్ క్లిఫ్టన్‌ని కూడా, ఆరుగురు పిల్లల తల్లి, చిన్నచిన్న కవితలు, క్యాపిటల్ అక్షరాలే ఉండవు, తన నడుముని, తన జుట్టుని కూడా సిగ్గుపడకుండా పొగుడుకుంటుంది, అంతా బాధే అన్న మీ క్లాస్‌మేట్‌కి ముందు ఈవిడని ఇవ్వండి.

చివరగా గ్వెండొలిన్ బ్రూక్స్, ఎందుకంటే నేనైతే ఎవరికైనా ఇక్కడే మొదలుపెట్టమంటా. షికాగో ఆవిడ, 1950లో పులిట్జర్ వచ్చింది, నల్లజాతి నుంచి ఆ బహుమతి అందుకున్న మొదటి మనిషి. వి రియల్ కూల్ అని ఆవిడ కవిత ఒకటుంది, ఎనిమిది లైన్లు, మొత్తం 24 మాటలు, ప్రతి మాటలోనూ ఒక్క సిలబులే. బడి టైములో ఒక పూల్ హాల్లో, అంటే బిలియర్డ్స్ లాంటి ఆట ఆడేచోట, కుర్రాళ్ళు ఆడుకుంటుంటే చూసింది, వీళ్ళు బడికెందుకు వెళ్ళలేదు అనుకోకుండా, వీళ్ళకి తమ గురించి తమకి ఏమనిపిస్తుందో అనుకుంది, అక్కడ పుట్టింది కవిత. ఏడుగురు కుర్రాళ్ళు, మేం ఇంతటివాళ్ళం, బడి మానేశాం, రాత్రిళ్ళు తిరుగుతాం అంటూ చెప్పుకుపోతారు, ఆఖర్న త్వరలో చస్తాం అంటారు. ఇంగ్లీషులో మేం అనే మాట, వి, వాక్యం మొదట్లో రావాలి కదా, ఆవిడ దాన్ని ముందు లైను చివరికి లాగి అక్కడ వేలాడదీసింది. ఆ వి ని చాలా మెల్లిగా, నమ్మకం లేనట్టు పలకాలని ఆవిడే చెప్పింది. రికార్డింగ్ నెట్లో దొరుకుతుంది, వినండి. క్లాసులో నేను ఇది చెప్పినప్పుడు పిల్లల్ని బల్ల మీద దరువు వెయ్యమనేవాణ్ణి, ప్రతి వి దగ్గర దరువు ఆపాలి. ఒక ఏడాది వెనక బెంచీ కుర్రాడొకడు, ఎప్పుడూ నోరు తెరవనివాడు, చివరి లైను దగ్గర లేచి "సార్, లాస్ట్ లైన్లో వి లేదు" అన్నాడు. అవును, లేదు. ఏడు లైన్ల చివర వేలాడిన మేం, చస్తాం దగ్గర మాయమైపోతుంది. మాట లేకపోవడంతో చావు చూపించింది ఆవిడ.

ఆ కవిత నుంచి ఇంకో కొత్త ఛందస్సే పుట్టింది. టెరెన్స్ హేస్ అనే కవి ఆవిడ కవితలోని మాటలు వరసగా తన పాదాల చివర వచ్చేట్టు రాశాడు, దాన్ని గోల్డెన్ షవల్ అంటారు, ఆ పూల్ హాల్ పేరే అది, ఇప్పుడు ఎంతోమంది ఆ పద్ధతిలో రాస్తున్నారు. జెరికో బ్రౌన్ అయితే సానెట్‌నీ గజల్‌నీ బ్లూస్‌నీ కలిపి డుప్లెక్స్ అని కొత్త రూపం కట్టాడు, ఆ కవితలున్న ది ట్రెడిషన్ పుస్తకానికి 2020లో పులిట్జర్ వచ్చింది. సినారె గజళ్ళు విన్న చెవులకి అందులో లైను మళ్ళీ తిరిగి రావడం ఇట్టే పట్టుబడుతుంది.

తెలుగు చేయొచ్చా అన్నారు కదా. ఈ బ్రూక్స్ కవితే నేను చాలాసార్లు ప్రయత్నించా. మొదట చాలా సంబరపడ్డా, ఎందుకంటే వి రియల్ కూల్ అన్నదాంట్లో ఆర్ అనే క్రియ లేదు, ఇంగ్లీషు మాస్టార్లు దాన్ని తప్పంటారు, నిజానికి అది నల్లవాళ్ళ ఇంగ్లీషులో పద్ధతి ప్రకారం వచ్చేదే, మన తెలుగులోనూ ఆయన డాక్టరు, మేం హీరోలం అంటాం, క్రియ అక్కర్లేదు. అంతకంటే సంబరం ఏంటంటే ఆవిడ లైను విరిచి కష్టపడి చివరికి తెచ్చిన మేం, మన క్రియలో ఎప్పుడూ చివరే ఉంటుంది, మానేశాం, తిరుగుతాం, పాడతాం. తెలుగు ఈ కవిత కోసమే పుట్టిందా అనిపించింది. తీరా చివరి లైను దగ్గరికొచ్చేసరికి ఇరుక్కుపోయా. త్వరలో చస్తాం. ఆ చస్తాంలో ఆం కూర్చునే ఉంది, పోదు, మన భాషలో ఆ కుర్రాళ్ళు చచ్చిపోయినా క్రియ చివర మిగిలిపోతున్నారు. చావు అని నామవాచకం పెట్టి చూశా, మేం పోయింది గానీ దాంతోపాటు ఆ కుర్రాళ్ళ గొంతు కూడా పోయింది, ఎవరో పెద్దాయన తీర్పు చెప్తున్నట్టయింది. ఇప్పటికి నా నోట్‌బుక్‌లో ఏడు లైన్లు తెలుగులో ఉన్నాయి, ఎనిమిదోది ఖాళీగా ఉంది. మీకేమైనా తడితే కింద రాయండి.